మెట్ట మీది సౌర కేంద్రానికి సాక్ష్యం చెప్పిన సుహాసిని గారు

1989వ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీన, ఒక చేత గొడుగు, మరొక చేత నియామక ఉత్తర్వు పట్టుకుని జోరువానలో నౌపడ స్టేషన్‌లో రైలు దిగిన శ్రీమతి పొట్నూరు సుహాసిని గారు, ఆ మధ్యాహ్నమే అక్కడి విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో సహాయక ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఆరు సంవత్సరాలకు పైబడిన సేవానంతరం, ఈ జనవరి నెలాఖరున, విజయనగరం సర్కిల్ పర్యవేక్షక ఇంజనీరు హోదాలో వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా వెలువడుతున్న అభినందన సంచికకు నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరడం, వారి వద్దనే పని నేర్చుకున్న నాకు దక్కిన గౌరవంగా భావిస్తున్నాను.

అంతకుముందు ఆ సెక్షన్ కార్యాలయం మహిళా ఇంజనీరును చూసి ఎరగదు. వరండాలో కూర్చున్న లైన్ ఇన్‌స్పెక్టర్ పోతురాజు గారు తడిసిన చీరతో మెట్లెక్కుతున్న మేడమ్ గారిని చూసి, "బిల్లు కట్టడానికేటమ్మా? ఇయ్యాల కేషియరు రాలేదు, రేపు రండి" అన్నారట. "రేపూ వస్తానండి, ఎల్లుండీ వస్తాను. నేను మీ కొత్త ఏఈని" అని వారు జవాబిచ్చారట. పోతురాజు గారు తాము బతికి ఉన్నంతకాలం ఈ సంగతి తామే చెప్పుకుని నవ్వేవారు.

నౌపడ ఉప్పుమడుల మీదుగా వీచే గాలిలోని ఉప్పు విద్యుత్ స్తంభాల ఇన్సులేటర్ల మీద పొరలా పేరుకునేది. మంచు పడే ఉదయాల్లో అది తడిసి, నిప్పురవ్వలు లేచి, ఊళ్లకు ఊళ్లు చీకటిలో పడేవి. దాన్ని విధిలిఖితంగా సరిపెట్టుకోక, చలికాలం రాకమునుపే ఆ లైన్లన్నింటినీ కడిగించే ఏర్పాటును సుహాసిని గారు పట్టుబట్టి తెచ్చారు. అక్కడ ఉన్న రోజులలోనే కళాశాల అధ్యాపకులు శివాజీ గారితో వారి వివాహం జరిగింది. కుమార్తె అరుణశ్రీ జన్మించిందీ అక్కడే.

తొంభైల చివర, విద్యుత్ బోర్డు ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ సంస్థలుగా విడిపోయి, ధరలు నిర్ణయించడానికి నియంత్రణ మండలి ఏర్పడిన కాలంలో వారు పదోన్నతిపై విజయనగరం వచ్చారు. వైర్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ తెలిస్తే చాలు, మిగిలినది పైవాళ్లు చూసుకుంటారని అందరూ అనుకుంటున్న రోజులవి. సుహాసిని గారు మాత్రం, ఇకమీదట కరెంటు ఏ తీగమీద పారుతుందో ఇంజనీరు నిర్ణయించినా, అసలు పారుతుందో లేదో కాగితాలు నిర్ణయిస్తాయని గ్రహించి, ఇంటిపనీ ఆఫీసుపనీ సాగిస్తూనే న్యాయశాస్త్ర పట్టా సాధించారు. 2003లో కొత్త విద్యుత్ చట్టం రాగానే దాన్ని మొదటి సెక్షన్ నుంచి చివరి సెక్షన్ దాకా చదివి, మాకు తెలుగులో విడమరచి చెప్పిన అధికారి నాకు తెలిసినంతలో వారొక్కరే.

2006లో నేను వాణిజ్య విభాగంలో చేరేనాటికి, పునరుత్పాదక ఇంధనం అనే మాట మా దస్త్రాలలోకి అప్పుడప్పుడే వస్తోంది. అది సర్కారు వారి ఉబలాటమని, కొన్నాళ్లకు పోతుందని కొందరు పెద్దలు అనేవారు. ఒకనాడు భోజన విరామంలో నేను అదే మాట అంటే, మేడమ్ గారు క్యారేజీ మూత పెట్టి నావైపు తిరిగారు.

"ధనలక్ష్మీ, ఎండకు కొదవ మనకెప్పుడూ లేదు. ఆ ఎండతో పుట్టిన కరెంటును కొనితీరాలని చట్టం చెప్పాలి. ఎంతకు కొనాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ ధర పదేళ్లకూ ఇరవై ఏళ్లకూ నిలుస్తుందని బ్యాంకు నమ్మాలి. వీటిలో ఏ ఒక్కటి కదిలినా ఎండను కరెంటు చేసే ఆ సౌర పలకలు గోదాము దాటి రావు" అన్నారు.

ఆ మాటల్లోని నిజం పదిహేనేళ్ల తరువాత మా కళ్లముందే పరీక్షకు నిలిచింది. వారి ఉద్యోగ జీవితంలో అందరూ గుర్తుంచుకోదగిన ఆ ఘట్టాన్ని కొంత వివరంగా చెప్పడానికి పాఠకులు అనుమతించాలి.

అప్పటికి సుహాసిని గారు విజయనగరం డివిజనల్ ఇంజనీరు. రామతీర్థం సమీపంలోని మెట్టభూముల్లో ఉలవలూ నువ్వులూ వేసుకునే కొన్ని రైతు కుటుంబాలు, వానలు సరిగా లేక, పంట చేతికొచ్చే ఏడు కంటే రాని ఏడే ఎక్కువై, చిన్న రైతులు తమ భూముల్లో సౌర విద్యుత్ కేంద్రం పెట్టుకోవచ్చన్న ప్రభుత్వ విధానం చూసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. సంఘానికి పెద్ద దాలయ్య గారు. ఉత్పత్తి అయిన కరెంటును ఇరవై ఐదు సంవత్సరాలు స్థిరమైన ధరకు కొంటామని మన సంస్థ వారితో ఒప్పందం చేసుకుంది. కేంద్రం నుంచి సబ్‌స్టేషన్‌కు లైను వేసి, అక్కడ ఆ లైనును కలిపే, ప్రమాదమొస్తే తెంచే బ్రేకరు బిగించే బాధ్యత మనది. కేంద్రం కట్టే బాధ్యత వారిది. నిర్ణీత గడువులోగా ఉత్పత్తి మొదలుకాకపోతే, ఒప్పంద ధర పోయి, ఆనాటి వేలంలో పలికిన తక్కువ ధరే వర్తిస్తుందని ఒక షరతు.

ఆ సమయంలోనే తుఫాను వచ్చింది. టెక్కలి వైపు ఒక ఆసుపత్రికి కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు కాలిపోయింది. విజయనగరం స్టోర్సులో ఉన్నది రైతుల కోసం తెచ్చిన బ్రేకరు ఒక్కటే. దాన్ని ఆసుపత్రికి పంపమని సుహాసిని గారే ఆదేశించారు. ఆ ఆదేశం సరైనదేనని ఈనాటికీ ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ మరో బ్రేకరు రావడానికి నెలలు పట్టింది. ఈలోగా మెట్టమీద గడువు దాటిపోయింది.

దేశంలో అప్పటికి బజారు కూడా మారిపోయింది. పెద్ద సంస్థలు వేలాది ఎకరాల్లో సౌర పార్కులు కట్టి, వేలంలో పోటీపడి ధరలను నేలకు దించేశాయి. రైతులకు మనం ఇస్తామన్న ధర ఒకప్పుడు న్యాయమైనదే, ఇప్పుడు ఖరీదైనదిగా కనిపించసాగింది. గడువు దాటినందున పాత ధర చెల్లదంటూ ప్రధాన కార్యాలయం నుంచి సంఘానికి నోటీసు వెళ్లింది. దాలయ్య గారు నియంత్రణ మండలిని ఆశ్రయించారు.

మండలికి వెళ్లకముందు ఒకసారి ఆయన, భార్య లక్ష్మణమ్మ గారితో కలిసి మా కార్యాలయానికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మెట్ట ఒక్కటే కాదమ్మగారూ, పల్లం కూడా బ్యాంకులో ఎట్టేసినాం. ఆ పల్లంలోనే మా తిండిగింజలు. ఈ రేటు తగ్గిపోతే కిస్తీ కట్టలేం, పల్లం ఎల్లిపోతాది. మీ లైను రాకపోతే మేమేటి సేసేది?" అన్నారు.

లక్ష్మణమ్మ గారు, "ఎండని నమ్ముకుంటే మోసం లేదని సెప్పి ఈడే సంతకాలెట్టించినాడు అందరి సేతా. ఇప్పుడు ఈదిలో తలెత్తుకోనేకపోతన్నాడు" అన్నారు, భర్త వైపు చూడకుండానే.

సుహాసిని గారు వారికి ఏ హామీ ఇవ్వలేదు. "జరిగింది జరిగినట్టు చెబుతాను. అంతకుమించి నా చేతిలో లేదు" అని మాత్రం అన్నారు.

తరువాతి వారం ప్రధాన కార్యాలయంలో సమావేశం. వాణిజ్య విభాగాధిపతి మురళీమోహన్ గారు అధ్యక్షత వహించారు. దస్త్రాలు మోసుకుని నేనూ వెళ్లాను. సంస్థ తరఫున మండలికి దాఖలు చేయవలసిన ప్రమాణపత్రం సిద్ధంగా ఉంది. గడువునాటికి లైను సిద్ధంగానే ఉందని, ఆలస్యం పూర్తిగా రైతులదేనని అందులో రాసి ఉంది. సంతకం చేయవలసినవారు డివిజనల్ ఇంజనీరు.

మురళీమోహన్ గారు చెడ్డవారు కారని ఇక్కడ చెప్పడం నా ధర్మం. ఆయన వాదనలోనూ బలం ఉంది.

"చూడండి సుహాసిని గారూ, ఈ ఎక్కువ ధర మీరూ నేనూ కట్టేది కాదు. బిల్లు కట్టే ప్రతి పేదవాడి మీదా పడుతుంది. బజారులో సగానికి దొరుకుతున్నప్పుడు పాత ధర ఎందుకివ్వాలి? లైను వేశాం కదా, స్తంభాలున్నాయి, తీగ ఉంది. సిద్ధంగా ఉందనడంలో తప్పేముంది?"

"బ్రేకరు లేని లైను సిద్ధంగా ఉన్నట్టు కాదు సార్."

"ఆ బ్రేకరును పంపించింది మీరే. అది బయటపెడితే తప్పు మీమీదికి వస్తుంది. ఆలోచించారా?"

"ఆలోచించాను. ధర ఎంత ఉండాలో మండలిని చెప్పనివ్వండి సార్, ప్రజలకు భారం అవుతుందని మనం వాదించుకుందాం. గడువు ఎవరివల్ల తప్పిందో మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. ఈరోజు మన సంతకానికి విలువ లేదని తేలితే, రేపు పెద్ద కంపెనీ అయినా రైతు అయినా మనతో ఒప్పందానికి వచ్చేటప్పుడు ఆ భయానికి కూడా ఖరీదు కట్టి ధర చెబుతారు. అదీ ప్రజల మీదే పడుతుంది."

మురళీమోహన్ గారు కాగితాన్ని తమవైపు లాక్కుని, "అయితే మీరు ఏది రాస్తే దానికి మీదే బాధ్యత" అన్నారు. ఆ సంవత్సరం పదోన్నతుల జాబితా తయారవుతున్న సంగతి మా అందరికీ తెలుసు. మేడమ్ గారికి ఇంకా బాగా తెలుసు. తిరుగు ప్రయాణంలో జీపులో వారు ఆ ప్రసక్తే తేలేదు. భోగాపురం దాటాక ఒకసారి, "శివాజీ గారికి చెప్పాలి" అన్నారు, అంతే.

వారు తామే రాసిన ప్రమాణపత్రంలో బ్రేకరును ఆసుపత్రికి మళ్లించిన తమ ఆదేశాన్ని, అందువల్ల జరిగిన ఆలస్యాన్ని దాపరికం లేకుండా పేర్కొన్నారు. అక్కడితో ఆగలేదు. పలకల ధర ఇంకా పడిపోతుందన్న ఆశతో సంఘం వారు మొదటి సరఫరాదారును కాదని మరొకరి కోసం ఎదురుచూశారనీ, లైను సిద్ధమైన తరువాత కూడా కొంతకాలం వారి పలకలు రాలేదనీ, ఆ ఆలస్యం మాత్రం వారిదేననీ రాశారు.

విచారణ రోజున సంస్థ న్యాయవాది తమ సాక్షినే తాము నిలదీయవలసిన విచిత్ర పరిస్థితి ఏర్పడింది. "మీరు జీతం తీసుకుంటున్నది ఏ సంస్థ నుంచి?" అని ఆయన కొంచెం కటువుగానే అడిగారు.

"ఈ సంస్థ నుంచే. అందుకే ఈ సంస్థ చేసిన పనికి నేను సాక్షిని" అని సుహాసిని గారు సమాధానమిచ్చారు. గొంతు పెంచలేదు.

ఆ తరువాత మండలి సభ్యులొకరు పలకల సంగతి అడిగితే, దానికీ అదే గొంతుతో జవాబు చెప్పారు. వెనుక వరుసలో కూర్చున్న దాలయ్య గారి ముఖం వాడిపోవడం నేను చూశాను. బయటికి రాగానే ఆయన మేడమ్ గారికి అడ్డంగా నిలబడ్డారు.

"మా పక్షాన వచ్చినారనుకున్నాం. మా తప్పు కూడా సెప్పేసినారేటమ్మా?"

"మీ పక్షానికి రాలేదు దాలయ్య గారూ. జరిగింది చెబుతానన్నాను. నా తప్పు చెప్పి మీది దాచిపెడితే, నా మాట వాళ్లు నమ్మేవారా?"

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. మేడమ్ గారు మెట్లమీద చాలాసేపు నిలబడే ఉన్నారు. వారి కళ్లలో నీళ్లు తిరగడం ఇన్నేళ్లలో నేను చూసింది అప్పుడే. "వాళ్ల పల్లం పోతే ఈ నిజంతో వాళ్లేం చేసుకుంటారు ధనలక్ష్మీ" అన్నారు.

తీర్పు వేసవిలో వచ్చింది. కొనుగోలుదారు వల్ల జరిగిన ఆలస్యానికి అమ్మకందారును శిక్షించడం చట్టసమ్మతం కాదని, ఆ మేరకు గడువు పొడిగిస్తున్నామని మండలి పేర్కొంది. రైతుల ఆలస్యానికి ధరలో కొద్ది కోత విధించింది. ఒప్పందం మాత్రం నిలబడింది. రెండు పక్షాల లోపాలనూ సమానంగా చెప్పినందువల్లనే డివిజనల్ ఇంజనీరు సాక్ష్యాన్ని పూర్తిగా విశ్వసిస్తున్నామని అందులో ఒక వాక్యం ఉంది. నిలకడైన ఒప్పందం చూసి బ్యాంకు కిస్తీల కాలం పెంచింది. పల్లం దక్కింది.

సుహాసిని గారికి ఆ ఏడు పదోన్నతి రాలేదు. ఎచ్చెర్ల వద్ద శిక్షణ విభాగానికి బదిలీ వచ్చింది. కారణం ఏ ఉత్తర్వులోనూ లేదు గనుక నేనూ రాయను. అక్కడ గడిపిన రెండేళ్లను వారు వృథా పోనివ్వలేదు. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఒప్పందం ఎలా చదవాలో, వేలం ధరకూ స్థిర ధరకూ తేడా ఏమిటో, ఇంటికప్పు మీది సౌర విద్యుత్తుకు మీటరు నిబంధన మారితే ఎవరి లెక్కలు తారుమారవుతాయో పాఠాలు చెప్పారు. ఇవాళ మన సంస్థలో చిన్న సౌర కేంద్రాల పనికి తెచ్చిన సామగ్రిని మళ్లించవలసివస్తే, ఆ రోజే అవతలి పక్షానికి తెలియజేసి గడువు పొడిగించే పద్ధతి ఉందంటే, దాన్ని అక్కడ కూర్చుని రూపొందించినవారు వారే. ఆ పద్ధతిని ఆమోదించి సంతకం చేసినవారు మురళీమోహన్ గారు. 2024లో పర్యవేక్షక ఇంజనీరుగా వారి పదోన్నతికి సిఫారసు చేసినవారూ ఆయనేనని తెలిసి మేమంతా సంతోషించాం.

ఇంత గంభీరంగా రాశానని, మేడమ్ గారు ఎప్పుడూ చట్టం మాట్లాడుతూ ఉంటారని కొత్తవారు అనుకోకూడదు. రామతీర్థం మెట్టమీద ఉత్పత్తి మొదలైన కొన్నాళ్లకు, మేడమ్ గారి బదిలీకి ముందు, మేము తనిఖీకి వెళ్లినప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. పలకల నీడన గడ్డి ఏపుగా పెరిగింది. లక్ష్మణమ్మ గారు మమ్మల్ని పక్కకు పిలిచి, అదేదో నేరం ఒప్పుకుంటున్నట్టు, "అమ్మా, ఈటి కింద గొర్రెల్ని తోలుకోవచ్చేటి? మావోడు వద్దంతన్నాడు. కాయితంలో రాసుంటాది, జైల్లో ఏస్తారంతన్నాడు" అని అడిగారు.

మేడమ్ గారు అక్కడే ఒక రాతిమీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒప్పందం మొత్తం మొదటి నుంచి చదివారు. ఎండ మండిపోతోంది. మేమంతా నిలబడే ఉన్నాం. గొర్రెలు కూడా నిలబడే ఉన్నాయి. ఆఖరికి వారు తలెత్తి, "వద్దని ఎక్కడా లేదు లక్ష్మణమ్మ గారూ, మేపుకోండి. మేకల్ని మాత్రం రానివ్వకండి" అన్నారు.

"మేకల సంగతి అందులో ఉన్నాదేటి?"

"లేదు. కానీ అవి పలకలెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. ఇది చట్టం కాదు, నా మాట."

దూరంగా నిలబడి ఉన్న దాలయ్య గారు ఆ మాటకు నవ్వేశారు. విచారణ రోజు తరువాత ఆయన మేడమ్ గారి ముందు నవ్వడం అదే మొదటిసారి. దగ్గరికి వచ్చి, "ఎండలో ఎంతసేపు కూకుంటారమ్మా, లెగండి, ఇంటికెల్దాం" అన్నారు. ఆ రోజు వాళ్లింట్లో అరిటాకులు వేసి, పల్లంలో పండిన బియ్యం అన్నమూ, ఉలవచారూ పెట్టారు. తీర్పు గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు. బయలుదేరేటప్పుడు దాలయ్య గారు మాత్రం జీపు తలుపు పట్టుకుని, "ఆ రోజు మీమీద కోపమొచ్చినాది. తరవాత ఊర్లో ఎవుడితో తగువొచ్చినా మిమ్మల్నే తలుసుకుంతన్నాను" అన్నారు. మేడమ్ గారు ఆయన చేతిమీద చెయ్యి వేశారు.

పర్యవేక్షక ఇంజనీరుగా గడచిన ఈ స్వల్పకాలంలో, మన సర్కిల్ పరిధిలో ఇళ్ల కప్పుల మీద సౌర పలకలు అమర్చుకున్న వారి దరఖాస్తులు ఏ బల్లమీదా నిలిచిపోకుండా వారు చూశారు. నిబంధన పేరు చెప్పి ఎవరినైనా వెనక్కి పంపబోతే, ఆ నిబంధన చూపించమనేవారు. చూపిస్తే ఊరుకునేవారు. చూపించలేకపోతే, దరఖాస్తుదారుకు ముందు టీ ఇప్పించి, తరువాత మాకు పని చెప్పేవారు. కింది ఉద్యోగులను ఒక్కనాడూ పదిమంది ముందు మందలించలేదు. మందలించవలసివస్తే తలుపు వేసి మందలించేవారు, తలుపు తీశాక దాన్ని మరిచిపోయేవారు.

ఉద్యోగ బాధ్యతల కారణంగా వారు ఇంటికి దూరమైన ఎన్నో దినాలను ఓర్పుతో భరించి, ఆ పదోన్నతి రాని ఏడు వారికి అండగా నిలిచిన శివాజీ గారికీ, న్యాయవాద వృత్తిలో తల్లి పేరు నిలుపుతున్న చిరంజీవి అరుణశ్రీకీ మా కార్యాలయ సిబ్బంది అందరి తరఫున కృతజ్ఞతలు.

సుహాసిని మేడమ్ గారికి నిండైన ఆరోగ్యం, తరగని ఉత్సాహం, చుట్టూ తమవారి సందడి గల దీర్ఘాయుష్షు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. ఇన్నేళ్లూ సముద్రం మీద మబ్బు కమ్మితే చాలు, ఏ ఊరికి కరెంటు మోసే ఫీడరు లైను ఆగిపోయిందోనని ఫోను దగ్గర పెట్టుకుని మేలుకున్నవారు, ఇకమీదట ఎంత గాలివాన వచ్చినా మాకు వదిలేసి, కంటినిండా నిద్రపోవాలని ప్రార్థిస్తున్నాం. మేం మేలుకునే ఉంటాం.

— ధనలక్ష్మి, వాణిజ్య విభాగం, విజయనగరం